గోడకు కరెంట్ వస్తున్న రాత్రి

రాత్రి 11:40. పుణెలో మీ పడకగది. ఫోన్ మోగుతోంది. తెర మీద పేరు: కాసిపేట ఇల్లు.

కిరాయి ఒకటో తారీఖున యూపీఐలో వచ్చి పడుతుంది. అందుకే ఆ పేరుతో ఫోను రావడమే అరుదు. ఈ వేళకు ఎప్పుడూ రాలేదు.

"అన్నా, గోడ ముట్టుకుంటే జివ్వుమంటున్నది. కరెంట్ వస్తున్నట్టుంది."

ఇంట్లో కిరాయికున్న ఆమె గొంతు వెనక వాన హోరు. లేచి కూర్చుంటారు.

"మీ ఆయన లేడా చెల్లె?"

"నైట్ షిఫ్టుకు పోయిండు."

అంటే తెల్లారి పైకి వచ్చేదాకా ఆయన అందడు. బొగ్గు బాయిలోకి దిగేవాళ్లు అగ్గిపెట్టె, ఫోను పైనే వదిలి దిగాలి. కింద మీథేన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సింగరేణి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

మెయిన్ ఆపెయ్ అనబోతారు. ఆగండి. మెయిన్ ఎక్కడుంది? మీ నాన్న రిటైరైన డబ్బుతో కట్టిన ఇల్లే, మీరు పెరిగిన ఊరే. అయినా గుర్తు రావడం లేదు. వరండాలో మీటరు పక్కనా? ముందుగది లోపలా?

"వీడియో పెట్టు."

చిత్రం వణుకుతోంది. స్లాబు మూల నల్లగా నెమ్మెక్కింది. నీటి చార గోడ మీదుగా జారి స్విచ్ బోర్డు దాకా వచ్చింది. మెయిన్ సరిగ్గా దాని కిందే ఉంది.

ముట్టుకోకు.

పిల్లలెక్కడ?

"అటు రూంల పండుకున్నరు."

లేపు. చెప్పులు వేసుకో, వాళ్లకూ వెయ్యి. కూలర్ దగ్గరికి పోవద్దు, అది రేకు. కింద నీళ్లున్నాయా?

"ముందట గడప కాడ ఉన్నయి."

అటు వద్దు. వెనక తలుపు. గోడకు ఆనుకోవద్దు.

తెర నల్లబడుతుంది. వాన చప్పుడు. ఒక పిల్ల ఏడుపు. గొళ్లెం తీసిన శబ్దం.

మాట లేదు.

ఇంకా లేదు.

"వచ్చినం అన్నా. పక్కింట్ల ఉన్నం."

ఇప్పుడు ఊపిరి పీల్చుకోండి. కానీ పని సగమే అయింది. కరెంట్ ఆఫీసుకు 1912 కొట్టాలి. అది మీరు కొడితే పుణె ఆఫీసుకే పోవచ్చు. ఆమెతోనే కొట్టించండి. సర్వీస్ నంబరు అడుగుతారు. అది పాత బిల్లు మీద ఉంది, బిల్లు ఇంట్లో ఉంది. ఇంట్లోకి ఆమెను మళ్లీ పంపుతారా? పంపరు. నిరుడు కట్టిన బిల్లు కోసం మీ ఫోన్‌లో వెతుకుతారు, దొరుకుతుంది, పంపుతారు. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గరే సర్వీస్ వైరు తీసేస్తాడు. ఇల్లు చీకటి. ఆ చీకటే ఇప్పుడు క్షేమం.

నిద్ర పట్టదు. ఒక్కటే ప్రశ్న తొలుస్తుంది: ఇంత జరుగుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు? దాని పని అది కాదు కనుక. లోడు ఎక్కువైతేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో అది పడుతుంది. తడి గోడలోకి కారే కొద్దిపాటి కరెంటును పట్టించుకోదు. మనిషి ప్రాణం తీయడానికి ఆ కొద్దే చాలు. దాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ యాంపియర్లు దారి తప్పితే రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. మీ ఇంట్లో అది లేదు. కిరాయికిచ్చిన ఇంట్లో అది లేకపోవడం చిన్న లోపమని నేను అనుకోను.

రైలెక్కి బల్లార్షా మీదుగా వచ్చి బెల్లంపల్లిలో దిగుతారు. సోమగూడెం దగ్గర ఆటో కాసిపేట రోడ్డుకు తిరుగుతుంది. ముందు దేవాపూర్ సిమెంట్ లారీ, దాని వెనక బురద జల్లు. ఇంటికి చేరగానే లోపలికి కాదు, నేరుగా డాబా మీదికి వెళ్లండి.

చీలమండ లోతు నీళ్లు. తూములో చెయ్యి పెట్టండి. వేపాకులు, పిట్ట గూడు గడ్డి, ఒక ప్లాస్టిక్ కవరు. గుప్పెడు చెత్త బయటికి లాగగానే నీళ్లు గుడగుడమని దిగిపోతాయి. జరిగిందంతా దీనితోనే మొదలైంది. ఏటా రోహిణి కార్తెలో, మృగశిర చినుకు పడకముందే, ఎవరో ఒకరు ఈ మెట్లెక్కి తూములు చూడాలి. ఎవరు? ఆ పేరు ఇవాళే ఖాయం చేయండి.

ఎలక్ట్రీషియన్ గోడలోని పైపు నుంచి వైరు లాగుతాడు. మధ్యలో ఒక అతుకు, దాని చుట్టూ నానిపోయిన టేపు. ఎర్త్ వైరు గుంట దగ్గర తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. కొత్త వైరు, కొత్త ఎర్త్, ఆర్‌సీసీబీ. మెయిన్ బోర్డు వరండాలోకి, పొడి గోడ మీదికి. ఫొటో తీసుకోండి. మీటరు, మెయిన్, బోరు స్టార్టర్, ట్యాంకు వాల్వు, అన్నీ. పుణెలో మీ చేతులు ఈ ఫొటోలే.

"ఈ తడి ఎప్పటినుంచి ఉంది చెల్లె?"

ఆమె కాసేపు మాట్లాడదు. "పోయిన వానకాలం సంది. చెప్తే రిపేరు చేయించి కిరాయి పెంచుతరేమో అని ఊకున్నం."

ఈ మాట దగ్గర ఆగండి. మీరు నాలుగు రాష్ట్రాల అవతల ఉన్నా సరే, పక్క వీధిలో ఉన్నా సరే, నోరు విప్పితే నష్టమని భయపడే మనిషి ఉన్న ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలియదు.

వంటింటి కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు. సుతారి మేస్త్రీ సిమెంట్ కలపబోతున్నాడు. పూడ్చనిస్తారా? ఇది కేవలం తడి పగులేనా? ఈ నేల కింద గనులున్నాయి. బొగ్గును గదులు గదులుగా తవ్వుతూ మధ్యలో స్తంభాలు వదులుతారు. చివరికి ఆ స్తంభాలనూ తీస్తారు, పైకప్పు కూలుతుంది. ఆ ఖాళీనే గోఫ్ అంటారు. ఇసుకతో నింపకపోతే కుంగుడు నేల పైదాకా రావచ్చు. కనుక పూడ్చనివ్వకండి. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి పక్కన పెన్సిల్‌తో తేదీ వేయించండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు సిమెంట్ కాదు, గని సర్వే ఆఫీసు తలుపు తట్టాలి. నెలనెలా కిరాయితో పాటు ఆ గాజు ఫొటో పంపుతానంటుంది ఆమె.

సాయంత్రం పక్కింటి పెద్దాయన వస్తాడు. మీ నాన్నతో కలిసి బాయి దిగిన మనిషి. "నీకెందుకు బిడ్డా ఈ తిప్పలు, నా పేరు మీద జీపీఏ రాసియ్యి, అన్నీ నేను చూసుకుంట."

ఆయన మంచివాడే కావచ్చు. జీపీఏతో, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో, హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కానీ అమ్మే అధికారం అందులో ఉంటే, మీ తరఫున సేల్ డీడ్ మీద ఆయనే సంతకం పెట్టవచ్చు. రేపు ఆయన కొడుకులు ఒత్తిడి పెడితే? చెయ్యి పట్టుకుని మర్యాదగా చెప్పండి: కిరాయి, రిపేర్లు, పన్ను, బిల్లులు, ఇంతవరకే స్పెషల్ పవర్ ఇస్తాను కాకా. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడికీ వాటా ఉంటే అతని కాగితాన్ని అమెరికాలోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకోవాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అతని వాటా కిరాయి ఎంత చిన్నదైనా టీడీఎస్ లెక్కలోకి వస్తుంది.

మీటరు ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంది. పైగా ముందు ఆమె పోర్షన్‌కూ, వెనక ఇంకో పోర్షన్‌కూ ఒకటే. వెనక పోర్షన్‌లో రేషన్ కార్డున్న కుటుంబం. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు కిరాయిదారులకూ జీరో బిల్లు వస్తుంది, 2024 మార్చి నుంచి. రెండు ఇళ్ల వాడకం ఒక మీటరులో కలిసి 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. మీటరు విడగొట్టించండి. మీకు పైసా లాభం లేదు, వాళ్లకు నెలనెలా ఉంది.

ఇప్పుడు స్టాంపు పేపరు మీద కిరాయి ఒప్పందం. పదకొండు నెలలకు. కిరాయి, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు రాస్తారు. ఇంకో వాక్యం కలుపుతారు: అత్యవసర రిపేరుకు మూడు వేల దాకా యజమానిని అడగకుండా చేయించవచ్చు, రసీదు ఫొటో పంపి కిరాయిలో పట్టుకోవచ్చు, దానికోసం కిరాయి పెంచకూడదు.

ఆమె కాగితం తీసుకుని వేలు పెట్టి చదువుతుంది. అక్కడ ఆగుతుంది.

"బోరు మోటర్ కాలితే పైకి తీసి వైండింగ్ చేయించాలె. మూడు వేలల్ల కాదన్నా. ఐదు రాయుండ్రి."

మూడు కొట్టేసి ఐదు రాయండి. పక్కన ఇద్దరూ సంతకం చేయండి.