దొంగ, తిరుగుబాటుదారు, ఉగ్రవాది

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాఠం చెప్పిన ప్రతి ఏడూ మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "సార్, ఖజానా మీద పడ్డాడు, తహసీల్దారును చంపాడు. మరి ఆయన దొంగా, టెర్రరిస్టా?" అడిగేది ఎక్కువగా గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలే. ఉయ్యాలవాడ మన ఆళ్లగడ్డకు పొరుగూరు. కాబట్టి జవాబు అక్కడి నుంచే వెతుకుదాం.

1846లో నరసింహారెడ్డి దండు కోయిలకుంట్ల ఖజానాపై పడింది. ఆ దండులో బోయలూ చెంచులూ ఉన్నారు. మాన్యాలు పోయి, కంపెనీ పన్నులకు నలిగినవాళ్లు వాళ్లు. పట్టుబడ్డాక ఆయనపై మోపినవి రాజద్రోహం, హత్య, దోపిడీ. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తహసీల్దారును చంపడం హత్యే, తిరుగుబాటు అన్నంత మాత్రాన అది హత్య కాకుండా పోదు. అయితే ఆ దెబ్బ కంపెనీ అధికారం మీద పడింది. దారినపోయే జనాన్ని హడలగొట్టడానికి కాదు.

మరి ఉరి తరువాత జరిగిందేమిటి? ఆయన తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా, అంటే 30 ఏళ్లు, అలాగే ఉంచారు. చచ్చినవాడికి ఇంకో శిక్ష లేదు. ఆ తల కింద నడిచి వెళ్లేవాళ్ల కోసం.

ఉగ్రవాదం అసలు గుణం ఇదే. దెబ్బ తగిలేది ఒకరికి, భయపడాల్సింది మరొకరు. మన సీమ ఫ్యాక్షన్‌లో నాటుబాంబు వేసేవాడికి తన పగవాడెవరో పేరుతో సహా తెలుసు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్ లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పెట్టినవాళ్లకు అక్కడ చనిపోయిన 42 మందిలో ఎవరి పేరూ అక్కర లేదు. వాళ్లకు కావలసింది నగరమంతా వణకడం. చట్టం చూపు కూడా అలాగే ఉంది. బందిపోటు దోపిడీకి అయిదుగురు లేక అంతకు మించి మనుషులుండాలని తలలు లెక్కపెడుతుంది. ఉగ్రవాద చర్యకొచ్చేసరికి ఉద్దేశం చూస్తుంది: దేశ భద్రతను దెబ్బతీయాలనా, ప్రజల్లో భీతి పుట్టించాలనా అని. ఇంకో సంగతి, ఈ మాట ఐరోపాలో మొదట అంటుకున్నది ప్రభుత్వానికే, 1793-94లో ఫ్రాన్సులో గిలెటిన్ నడిపిన విప్లవ ప్రభుత్వానికి.

మనవాళ్లు ఈ తేడా ఎందుకు గట్టిగా పట్టుకోవాలి? ఉద్దేశం చూడకుండా, చేసిన పని చూడకుండా, పుట్టుకను చూసి ముద్ర వేసిన చట్టం ఒకటుండేది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వంటి తెగల్లో పుట్టినవాళ్లు ఏ నేరం చేయకపోయినా పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురంలో అలాంటివాళ్లకు సెటిల్‌మెంటే పెట్టారు.

అందుకే తరగతిలో మేం మూడే అడగమంటాం: దెబ్బ ఎవరికి తగిలింది, ఎవరు భయపడాలని కొట్టారు, ఏం కోరి కొట్టారు. కులం, తెగ, ఊరు ఆ ప్రశ్నల్లో లేవు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టంలోంచి పోయింది. ఊళ్లో దొంగతనం జరిగితే జీపు ముందుగా ఏ వీధికి వస్తుందో మాత్రం మా పిల్లలు ఇప్పటికీ ఠక్కున చెప్తారు.