పొగగా పోయి ఉప్పుగా వచ్చే నవాసాగరం

ముక్కు దిబ్బడేస్తే మా నాయనమ్మ చిటికెడు నవాసాగరం, తమలపాకుల్లోకి వాడే సున్నం ఇంత అరచేతిలో వేసి, బొటనవేలితో నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారేవి. 1774 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అమ్మోనియా వాయువును విడిగా పట్టుకున్నది కూడా ఈ రెండింటితోనే అని చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్ ఉప్పు. సున్నం ఆ ఉప్పులోని ఆమ్లాన్ని లాక్కుని అమ్మోనియాను వదిలేస్తుంది. ఆ వాయువును ఆయన పాదరసం మీద పట్టాడు. నీళ్ళ మీద పడితే నీళ్ళే తాగేస్తాయి మరి. మామూలు వేడిలో చెంబెడు నీళ్ళు దాదాపు 700 చెంబుల అమ్మోనియాను ఇముడ్చుకుంటాయి. ఇప్పుడు సీసాల్లో అమ్మే అమ్మోనియా ద్రావణం అదే.

నాయనమ్మకు నవాసాగరం ఇచ్చేది కలాయి పోసేటాయన. జనగామలో మా వాడకట్టుకు వచ్చి, వేపచెట్టు కింద చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదేవాడు. ఇత్తడి గంగాళం కాగాక తగరం కడ్డీ ఆనించి, నవాసాగరం అద్దిన దూది ముద్దతో గిర్రున తుడిచేవాడు. గుప్పున తెల్లపొగ లేచేది, నల్లటి అడుగు వెండిలా మెరిసేది. ఆ వేడికి ఉప్పు అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ ఇత్తడి మీది చిలుమును తినేస్తేనే తగరం అతుక్కుంటుంది. మిగిలినవి పైన చల్లగాలి తగలగానే మళ్ళీ కలిసిపోతాయి. అంటే ఆ తెల్లపొగ నవాసాగరమే! పక్కనే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి రేకు మీద నగిషీకి పేరుమోసిన ఊరు. బొమ్మ చెక్కిన చేతిని అందరూ మెచ్చుకుంటారు. వంటగిన్నెకు కలాయి వేసి మన కడుపులోకి చిలుము పోకుండా కాపాడిన చేతిని ఎవరూ తలుచుకోరు. నా బాధంతా అదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇటుక బట్టీల కథ. పదమూడో శతాబ్దం నాటిదని చెప్పే రసశాస్త్ర గ్రంథం రసరత్న సముచ్చయం ఈ ఉప్పును నవసారం, చూలికా లవణం అంటుంది. ఇటుకలు కాల్చేటప్పుడు పుట్టే తేలికపాటి తెల్లటి ఉప్పని చెబుతుంది. పారశీకుల నౌషాదర్ ఈ మాటకు దగ్గరి చుట్టం. హర్యానాలోని కర్నాల్, కైథల్ వైపు కుమ్మరులు పంతొమ్మిదో శతాబ్దంలోనూ దీన్ని అలాగే తీశారు. చెరువు మట్టి ఇటుకల్ని బట్టీలో పేర్చి కాల్చేవారు. సగం కాలేసరికి చెట్టు బెరడులాంటి బూడిదరంగు పొర ఊరేది. దాన్ని ఒలిచి, నీళ్ళలో కరిగించి, కాచి, ఆ గట్టిపడ్డదాన్ని గాజు కుప్పెలో పెట్టి కింద మంట వేస్తే కుప్పె మెడలో తెల్లగా పేరుకునేది. మట్టిలోని పేడ, మూత్రం, కుళ్ళిన ఆకు అన్నీ ఆ ఉప్పులో ఉన్నాయి. చదువులేని కుమ్మరి దాన్ని పట్టుకున్నాడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈజిప్టులో ఒంటెపేడ మసి నుంచి తీశారు. అమ్మోనియా అన్న పేరూ అక్కడి అమ్మోన్ దేవుడిదే. తర్వాత బొగ్గు వంతు వచ్చింది. భూమిలో బొగ్గుపొరలు తగలబడేచోట ఇదే ఉప్పు పగుళ్ళ అంచున పూస్తుంది. భూపాలపల్లిలో తవ్వే సింగరేణి బొగ్గులోనూ నత్రజని దాగి ఉంది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోంచే అమ్మోనియా తీసి చూపాడు, 1913లో జర్మనీలోని ఓపౌలో కర్మాగారం లేచింది. మన రామగుండంలో బొగ్గుతో ఎరువు చేసిన ఫ్యాక్టరీ 1999లో మూతపడి, 2021లో గ్యాసుతో మళ్ళీ మొదలైంది.

స్టీలు గిన్నెలొచ్చాక కలాయి ఆయన రావడం మానేశాడు. మానుకోట వైపు గుడుంబాలో దీన్ని కలిపే బట్టీల పుణ్యాన ఈ ఉప్పుకు చెడ్డపేరు కూడా వచ్చింది. మొన్న జనగామ కిరాణాలో అడిగితే షావుకారు నన్ను ఎగాదిగా చూశాడు.

"గదేం జేస్కుంటవ్ సారూ?"

"ముక్కు దిబ్బడకు."

ఆయన మొహం విచ్చుకుంది. "మా అమ్మ గట్లనే సున్నంల నలిపి వాసన చూపెట్టేది" అంటూ లోపలికి పోయి, తుప్పుపట్టిన డబ్బా ఒకటి దుమ్ము దులిపి తెచ్చాడు.