తప్పు ఎవరి చెవికి తగలాలి?

 గవర్నర్ థామస్ మన్రో 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. 12,498 బడులు లెక్కకు వచ్చాయి. బళ్లారి కలెక్టర్ కాంప్‌బెల్ 1823 నివేదికలో పిల్లలు దేనిమీద రాసేవారో కూడా ఉంది. మొదట ఇసుకలో వేలు. తర్వాత తాటాకు, గంటం. వాటితోపాటు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు చెక్కపలక. నున్నగా చేసి అన్నం, బొగ్గుపొడి పూస్తే చాలు. గంజి పెట్టిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గూ జిగురూ పట్టించిన కడితం మరొకటి. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేసేవారు.

చెరిపి రాసుకోవడానికి ఇంత చవకైన సాధనం ఉండి కూడా, తన రాతను తానే దిద్దుకునే చదువు మన వీధిబడిలో ఎందుకు పెరగలేదు? తుడిచింది వంకర అక్షరాన్ని, తప్పిన గుణింతాన్ని; వాక్యాన్ని కాదు. పలక మీది వాక్యం పిల్లవాడిది కాదు గనక. మాట్లాడే భాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని కాంప్‌బెల్ కూడా బాధపడ్డాడు. శతకాలు నోటికి వచ్చినవాడికి యతి తప్పితే ఇట్టే తెలుస్తుంది కదా, అది సవరణ విద్య కాదా అని అడగవచ్చు. అది చిన్న శిక్షణ కాదు. జారిపోయిన అక్షరాన్ని హంసపాదం పెట్టి చేర్చిన లేఖకుడిదీ అదే చెవి. అయితే ఆ చెవి కాపాడేది పూర్వుల పాఠాన్ని. వచనంలో యతిప్రాసల ఆసరా లేదు. చెప్పదలచింది ఇదేనా అని రాసినవాడే తేల్చుకోవాలి.

బడిలోకి వ్యాసరచన వచ్చాకా అలా తేల్చుకునే అధికారం పిల్లవాడికి దక్కలేదు. రాయాల్సింది గ్రాంథికంలో. పలుకుబడిలో లేని అరసున్న ఎక్కడ పెట్టాలో అతని చెవి ఎలా చెబుతుంది? పండితుడే చెప్పాలి. గిడుగు రామమూర్తి పోరాటాన్ని, గ్రాంథికానికి ఎదురుగా గురజాడ 1914లో రాసిన అసమ్మతి పత్రాన్ని వ్యావహారిక భాష కోసం జరిగిన వాదంగా చదువుతాం. నా దృష్టిలో అది తన వాక్యాన్ని తాను దిద్దుకునే హక్కు కోసం కూడా జరిగిన వాదం. ప్రమాణం లేకపోతే రాత అదుపు తప్పుతుందన్న భయం న్యాయమైనదే. వర్ణక్రమం, విరామచిహ్నాలు గురువు నేర్పి తీరాలి. కానీ తెగిపోయిన ఆలోచన, రెండుసార్లు వచ్చిన మాట, కర్త దొరకని క్రియ పిల్లవాడికే దొరుకుతాయి, భాష తనదైతే.

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ల ఇంటిమాటను ముందే తప్పని కొట్టేస్తే, సరిచూసుకోవడానికి ఉన్న ఒక్క కొలతా పోతుంది. ఉపాధ్యాయుడు ఎర్రసిరా తీయకముందే వ్యాసాన్ని రాసినవాడి చేతే పైకి చదివించాలి. నాలుక తడబడ్డ చోట పెన్సిల్‌తో గీత గీయించి, తిరగరాసే సమయాన్ని ఆ పీరియడ్‌లోనే ఇవ్వాలి.