పదో తేదీ చిట్టీ

పటాన్‌చెరు చరిత్ర ఎవరు రాసినా కంపెనీలతోనే మొదలుపెడతారు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, ఆ వెనక పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తర్వాత బొల్లారం, పాశమైలారం. రెండో అధ్యాయం నక్కవాగు. అందులో కలిసిన రసాయనాలు, పొలాలు పోగొట్టుకున్న రైతుల పోరాటం, 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కిన కేసు. రెండూ రాయాల్సినవే. అయితే ఆ కంపెనీల జీతాలతో మా పటేల్‌గూడ లాంటి ఊళ్లలో ఇళ్లు ఎట్లా లేచాయో చెప్పే అధ్యాయం నాకింకా దొరకలేదు. అది ఆడవాళ్ల నోటుబుక్కుల్లో ఉంది. పొదుపు సంఘం లెక్కలు రాసే పనిలో అలాంటి బుక్కులు చాలా నా చేతుల మీదుగా పోయాయి.

కంపెనీలు రాకముందు ఇక్కడ దాచుకోవడమంటే గింజలు, వెండి. పంట ఇంటికొచ్చినప్పుడు గుమ్మి నింపేవాళ్లు, కాలం కలిసొస్తే కడియాలో పట్టీలో చేయించేవాళ్లు, కలిసిరాకపోతే అవే సావుకారి ఇంటికి పోయేవి. గింజలు అయిపోతే నాగుకు తెచ్చుకోవాలి, పంటకాలానికి ఒకటికి ఒకటిన్నర కొలవాలి. మా అత్తమ్మ నైజాం హాలీ రూపాయిలు చూసిన మనిషి. వంద కల్దారు రూపాయలు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలు, కావాలంటే హాలీవి నూటపదహారు పైన ఇవ్వాలని ఆమె నోటిలెక్కన చెప్పేది. గల్లగురిగిలో పడ్డ పైసలు పండుగకు పగలగొట్టే దాకా ఉంటే గొప్ప. నెలనెలా ఇంత అని దాచడం ఆమెకు తెలియదు, ఎందుకంటే నెలనెలా ఇంత అని రాబడే లేదు.

ఆ రాబడి జీతంతో వచ్చింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమందికి లోపు పనిచేసే ఫ్యాక్టరీలో నెల దాటిన 7వ తేదీలోపు, అంతకు మించిన చోట 10వ తేదీలోపు జీతం ఇవ్వాల్సి ఉండేది. ఈ చిన్న నిబంధన మా వాడకట్టు క్యాలెండర్‌నే మార్చింది. కిరాణా ఖాతా తీర్చేది, కిరాయి కట్టేది, పిల్లల ఫీజు కట్టేది అన్నీ ఆ తేదీ చుట్టూ చేరాయి. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన 1990ల మొదట్లో చిట్టీ పాటలు కూడా 10వ తేదీ దాటిన తర్వాతే పెట్టేవాళ్లు. 7వ తేదీ జీతాల వాళ్ల దగ్గర అప్పటికింకా పైసలు మిగిలి ఉండాలి, 10వ తేదీ వాళ్లకు చేతికంది ఉండాలి. ఆ రెండు మూడు రోజుల సందు తప్పితే సగంమంది కట్టలేరు.

మా వరుసలో నడిచిన చిట్టీ లెక్క చెప్తాను. 20 మంది, తలా 500, 20 నెలలు. చేరిన మొత్తం 10,000. నడిపే ఆమెకు కమీషన్ లేదు, మొదటి నెల చిట్టీ పాట లేకుండా ఆమెదే. రెండో నెల నుంచి పాట. చీకటిపడే వేళకు అరుగు మీద కూర్చుంటారు, ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు పిల్లకు జడ వేస్తూ. అవసరం ఉన్న మనిషి "అయిదు వందలు పోనీ" అంటుంది. ఇంకొకరు వెయ్యి. బిడ్డ పెండ్లి దగ్గరపడ్డ ఆమె ఒక్కసారే రెండు వేలు అంటుంది. "ఇంకెవరన్న ఉన్నరా అక్కా?" అని మూడుసార్లు అడిగి బుక్కులో రాస్తారు. ఆమెకు 8,000 చేతికొస్తాయి. వదులుకున్న 2,000 ఇరవై మందికి పంచితే తలా వంద. అంటే ఆ నెల అందరూ 400 కడితే చాలు. ముందు ఎత్తుకున్నామెకు అది అప్పు, చివరిదాకా ఆగినామెకు అది పొదుపు. ఒకే నోటుబుక్కులో, ఒకే అరుగు మీద రెండు పనులూ జరిగేవి. సావుకారి దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తి నడిచే రోజుల్లో అది చిన్న సంగతి కాదు. పాట మధ్యలో ఎవరికి కష్టముందో అందరికీ తెలిసిపోతుంది. తెలిసిన తర్వాత కావాలని పాట పెంచి ఆమెను ఇరకాటంలో పెట్టినవాళ్లను నేను ఒకరిద్దర్ని మించి చూడలేదు, వాళ్లను మరుసటి చిట్టీలో చేర్చుకోలేదు.

కంపెనీ చిట్టీలు అప్పటికే ఉన్నాయి. మార్గదర్శి 1962లోనే మొదలైంది. రాష్ట్రం 1971లో చిట్‌ఫండ్ చట్టం చేసింది, కేంద్రం 1982లో. రిజిస్టర్ చేయకుండా చిట్టీ నడిపితే రెండేళ్ల దాకా జైలు, అయిదు వేల దాకా జుర్మానా అని ఆ కేంద్ర చట్టంలో ఉంది. మరి మావాళ్లు అక్కడికెందుకు పోలేదంటే జామీను. ఎత్తుకున్న పైసలు చేతికి రావాలంటే పర్మినెంటు ఉద్యోగి సంతకం పెట్టాలి. లేబర్ కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషికి పర్మినెంటు వాళ్లు ఎందుకు సంతకం పెడతారు? చట్టం కాపాడే చోటికి పోయే దారి లేనివాళ్లే చట్టం కాపాడని చిట్టీ కట్టారు. దాని ఫలితం మేమూ అనుభవించాం. మా ఆయనతో పాటు పనిచేసినవాళ్లు చాలామంది చేరిన ఒక పెద్ద చిట్టీ సగంలో ఆగింది, నడిపిన మనిషి రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేశాడు. ఫిర్యాదు ఇవ్వడానికి చేతిలో ఒక్క కాగితం లేదు, ఉన్నదంతా అతని బుక్కులోనే. అప్పటినుంచి నేను ఏ లెక్కయినా రెండు ప్రతులు రాయిస్తాను.

జీతం ఒక్కటే అయితే ఈ చిట్టీలు నడిచేవి కావు. మొగవాళ్లకు ఓటీ ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి. పర్మినెంటు వాళ్లకు అది వచ్చేది, కాంట్రాక్టు వాళ్లలో చాలామందికి అది కాగితం మీదే. దసరాకు బోనస్, 1965 చట్టం కింద కనీసం 8.33 శాతం, అంటే ఏడాదికి ఒక నెల జీతమంత. ఆడవాళ్ల రాబడికి మాత్రం ఏ చట్టంలోనూ పేరు లేదు. చీరలకు ఫాల్, పికో. రెండు బర్రెల పాలు, పొద్దుటివి కాలనీకి, సాయంత్రంవి హోటల్‌కు. నైట్ షిఫ్టు చేసి వచ్చే బ్యాచిలర్లకు అన్నం క్యారేజీలు. నేను కుట్టుమిషన్ మీద సంపాదించింది నెల చిట్టీకి సరిపోయేది, మా ఆయన జీతం ఇంటికి సరిపోయేది. చిట్టీ ఎత్తుకుని స్థలం వెనకభాగంలో రెండు రేకుల రూములు వేశాం. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లు కిరాయికి దిగారు. ఆ కిరాయి మళ్లీ కొత్త చిట్టీకి పోయింది. అమీన్‌పూర్, బీరంగూడ, కిష్టారెడ్డిపేట వైపు ఏ సందులోకి పోయినా ముందు స్లాబు ఇల్లు, వెనక రేకుల వరస కనిపించేది. ఆ వరసల్లో సగానికి పైగా ఇట్లా లేచినవేనని నేను గట్టిగా నమ్ముతాను.

పొదుపు సంఘాలు మరో దారిన వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. సారాకు పోయే రూపాయి ఇంట్లో నిలిచేసరికి రోజుకో రూపాయి పొదుపు అనే మాట ఊరూరా తిరిగింది. మా జిల్లాలోనే జహీరాబాద్ వైపు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లు 1980ల నుంచే పొదుపు చేస్తున్నారు, వాళ్లు విత్తనాలు, గింజలు కూడా సంఘంగా దాచుకున్నారు. మా దగ్గర పదిపన్నెండు మందితో సంఘం పెట్టుకుని నెలకు 30 రూపాయలు కట్టాం. ఆరు నెలలు వరుసగా మీటింగు పెట్టి, అప్పు తిప్పి, పుస్తకం సరిగ్గా రాస్తే బ్యాంకు అప్పు ఇస్తుందన్నారు. మొదటిసారి మేనేజర్ ముందు కుర్చీలో కూర్చున్నది అప్పుడే. జామీను అడగలేదు. మాకు మేమే జామీను. 1999లో దీపం పథకం వచ్చి సంఘం సభ్యులకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చింది, 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, నూటికి నెలకు 25 పైసలు.

ఆ వెనకే వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ వాళ్లూ వచ్చారు. నెల జీతం మీద బతికే ఇంటికి వారం కిస్తీ పెట్టడం ఎంత అన్యాయమో లెక్క రాసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. మూడోవారం కిస్తీకి ఇంకోచోట అప్పు చేస్తారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వసూలు నెలకోసారి మాత్రమే అన్నది. రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కిస్తీల వాళ్ల బండ్లు మళ్లీ సందుల్లో తిరుగుతున్నాయి. సంఘంలో అప్పు దొరికే ఆడవాళ్లు కూడా తొందర కొద్దీ వాళ్ల దగ్గరికి పోతుంటే నాకు బాధగా ఉంది, ప్రతి మీటింగులోనూ చెప్తూనే ఉన్నాను.

నేను వచ్చినప్పుడు ఈ ఊరు మెదక్ జిల్లా, పటాన్‌చెరు మండలం. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది, 2024లో పంచాయతీ పోయి అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. ఊరి సంఘాలను సెర్ప్ చూస్తుంది, పట్టణ సంఘాలను మెప్మా. ఊరు చేతులు మారినప్పుడు ఎప్పుడూ పోయేవి పాత పుస్తకాలే. అప్పు ఎంత, బాకీ ఎంత అన్నది కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. 30 రూపాయల నెలల్లో ఎవరు ఎందుకు అప్పు తీసుకున్నారో, కాన్పుకా, కుట్టుమిషన్‌కా, రేకులకా అన్నది ఆ అట్టలు చిరిగిన బుక్కుల్లోనే ఉంది. వాటిని తూకానికి వెయ్యొద్దని మా సంఘాలన్నిటినీ అడిగాను. కొందరు ఇప్పటికే తెచ్చి ఇచ్చారు, సంవత్సరాల వారీగా కట్టలు కడుతున్నాను.