తంతి కథ

తంతి అంటే మొదట తీగే. సంస్కృత ‘తంత్రి’ నుంచి వచ్చి, వీణకు బిగించేదాని పేరుగా తెలుగులో ఎప్పటినుంచో ఉన్న మాట. స్తంభాల మీద తీగెలు లాగి వాటి గుండా కబుర్లు పంపడం మొదలయ్యాక కబురుకే ఆ పేరు స్థిరపడింది.

కలకత్తాలో 1839లోనే ప్రయోగాలు చేసిన విలియం ఓషాగ్నెసీ, 1850లో డైమండ్ హార్బర్ వైపు తొలి లైను వేయించాడు. 1855లో మామూలు జనానికీ తంతి అందుబాటులోకి వచ్చింది. హిందీవాళ్లు ‘తార్’ అన్నారు, తమిళులూ తంతి అనే అన్నారు. 1942లో మదురైలో ఆదిత్తనార్ పెట్టిన పత్రిక పేరు ‘దినతంతి’. ఇంగ్లీషులో మాత్రం టెలిగ్రాఫ్ యంత్రం పేరే. దాని గుండా వచ్చే కబురును ‘టెలిగ్రాం’ అందామని 1852లో అమెరికాలోని ఆల్బనీ పత్రికలో ఒకరు సూచిస్తే, ఆ కూర్పు గ్రీకు వ్యాకరణానికి విరుద్ధమని తర్వాత పండితులు తగువుకు దిగారు.

మనవాళ్లకు ఆ తగువుతో పనిలేదు. తంతి ఇచ్చారు, టెలిగ్రాం కొట్టారు.

మాటకింత అని రుసుము. చిరునామాలోని మాటలకూ డబ్బే. అందుకే క్షేమసమాచారాలు, మర్యాదలు అన్నీ పోయి ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ మిగిలింది. గుమ్మంలో ‘టెలిగ్రాం’ అన్న కేక వినబడితే, కాగితం విప్పకముందే ఇంట్లో శోకాలు మొదలయ్యేవి. నిజానికి శుభవార్తలకూ తంతే దిక్కు. పెళ్లికి వెళ్లలేనివారు ఫారం మీద 8 అంకె వేస్తే చాలు, చిరకాలం సుఖంగా కాపురం చేయమనే ఇంగ్లీషు వాక్యం అవతలి ఊళ్లో పూర్తిగా అందేది. టెలిప్రింటర్ వచ్చాక అచ్చయిన సన్నటి కాగితపు పట్టీని ముక్కలుగా కత్తిరించి ఫారం మీద అంటించి ఇచ్చేవారు.

మాట సర్కారు బోర్డులకూ ఎక్కింది. తంతి తపాలా శాఖ 1985లో తపాలా, టెలికాం శాఖలుగా విడిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం మాత్రం ఇంకా చాలాకాలం బతికింది. ఫోన్ల ట్యాపింగ్‌కు ప్రభుత్వాలు అనుమతులిచ్చిందీ అందులోని 5(2) సెక్షన్ కిందే. దాని స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 2023లో వచ్చింది.

2013 జులై 14 రాత్రితో దేశంలో తంతి సేవ ముగిసింది. సరిగ్గా నెల తర్వాత, ఆగస్టు 14న, టెలిగ్రాం అనే మెసేజింగ్ యాప్ విడుదలైంది. ఇప్పటి కుర్రాళ్లకు తెలిసిన టెలిగ్రాం అదే.