పాస్‌పోర్టూ రేషన్‌కార్డూ ఒకే పెట్టెలో

"పాస్‌పోర్టువాళ్ళు తెచ్చిన జబ్బుకు రేషన్‌కార్డువాళ్ళు బలి" అన్న మాట 2020 వేసవిలో తెలుగునాట బాగా చలామణీ అయింది. ఫోన్ల మీదుగా, కవితల మీదుగా, ఉపన్యాసాల మీదుగా అది ఊరూరా తిరిగింది. వర్గదృష్టి ఉన్న మాటలా వినిపించింది కనుక మనవాళ్ళు దాన్ని ఆప్యాయంగా స్వీకరించారు. ఆ మే నెలలో ఫోనులో జరుపుకున్న ఒక సాహిత్య గోష్ఠిలో నేనూ దాన్ని వల్లించి మెప్పు పొందాను. ఆ మెప్పు నాకు పదిహేను రోజులు కూడా నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పాలంటే ముందు మా ప్రాంతం సంగతి చెప్పాలి.

అత్తిలి నిడదవోలు-భీమవరం రైలుదారిలో ఉంది. బయటివాళ్ళకు సుబ్బారాయుడి షష్ఠి తీర్థం పేరున తెలిసిన ఊరు. చుట్టూ కాలువ కింది వరిచేలు. దక్షిణాన భీమవరం వైపు, పడమట కొల్లేరు వైపు పోయేకొద్దీ చేలు చెరువులవుతాయి. చేను చెరువైతే గట్టు మీద కాపలాకూ మేత చల్లడానికీ ఒకరిద్దరు చాలు. ఊడ్పులకూ కలుపుకూ వంగే ఆడవాళ్ళ పని అంతటితో పోయింది. చెరువులు కాని చేలల్లోకి కోతయంత్రాలు వచ్చాయి. అలా పోయిన పనిదినాలే కొన్ని దశాబ్దాలుగా కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో వంటపనిగా, పసిపిల్లల పెంపకంగా, ముసలివాళ్ళ చాకిరీగా తేలుతున్నాయి. వెళ్ళేవాళ్ళలో చాలామంది దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. అక్కడ వాళ్ళను ఖద్దామా అంటారు. అకామా పోగొట్టుకుని, సేటు ఇల్లు వదిలి, బయట పని వెతుక్కున్నవాళ్ళు ఖల్లివెల్లి. ఈ మాటలకు మా వైపు అర్థం చెప్పనక్కరలేదు, చేపల పులుసంత పరిచయం.

అలాంటి ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే ఒకే ప్లాస్టిక్ సంచిలో పాస్‌పోర్టు నకలూ తెల్లకార్డూ కనిపిస్తాయి. అమెరికా వెళ్ళే ఇంజనీరుదీ, పదో తరగతి దాటని ఈమెదీ పాస్‌పోర్టే. ఆ నినాదం పుట్టిన పట్నంలో ఈ పెట్టె కనబడి ఉండదు. మా వీధిలో ఉన్న నాకు కనబడకపోవడానికి మాత్రం ఏ సాకూ లేదు.

తలుపులు మూసుకున్న క్రమం ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2020 మార్చి మొదటి వారంలోనే కువైట్ భారతదేశంతో సహా కొన్ని దేశాల విమానాలను వారం పాటు ఆపింది. 13 నుంచి వాణిజ్య విమానాలన్నిటినీ ఆపింది. భారత ప్రభుత్వం 11వ తేదీన దాదాపు అన్ని వీసాలనూ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. 18 నుంచి కువైట్, ఖతార్, ఒమన్, ఎమిరేట్స్ మీదుగా వచ్చేవాళ్ళకు పద్నాలుగు రోజుల క్వారంటైన్ విధిగా పెట్టింది. 22తో విదేశీ విమానాలు మొత్తం ఆగాయి. ఒక వారానికని చెప్పిన ఆ నిలుపుదల పొడిగింపుల మీద పొడిగింపులతో 2022 మార్చి 27 దాకా సాగింది. సరుకు విమానాలకు మాత్రం మొదటినుంచీ మినహాయింపు ఉంది. భీమవరం రొయ్య కొన్నాళ్ళు ఇబ్బంది పడి మళ్ళీ సముద్రం దాటింది. రొయ్య వలిచే మనిషికి ఆ దారి తెరవలేదు.

ఈ ఏర్పాటు కొత్తదని మనం భ్రమపడరాదు. రాష్ట్రంలో కరోనా నిబంధనలు ప్రకటించింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. అంతకు ముందు ఏడాది బొంబాయిలో ప్లేగు పుట్టింది. యూరపు దేశాలు హిందూదేశపు సరుకును రానివ్వమని బెదిరించాయి. 1897లోనే వెనిస్ నగరంలో ప్లేగు మీద అంతర్జాతీయ సమావేశం పెట్టారు. అంతకుముందు దశాబ్దాలలో ఇలాంటి సమావేశాలు జరిగినప్పుడల్లా సూయజ్ కాలువ మీదుగా సాగే తన వర్తకానికి అడ్డమని క్వారంటైన్‌ను ఎదిరించిన బ్రిటిష్ ప్రభుత్వమే, ఈసారి బొంబాయి నుంచి హజ్ యాత్రికుల ఓడలను ఆపింది. సరుకు ఆగకుండా ఉండాలంటే ఎవరినో ఒకరిని ఆపి చూపించాలి. యాత్రికుడు దొరికాడు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన తనిఖీ అధికారం రేవుకు వచ్చే, రేవు విడిచే ఓడల గురించే. బస్సు, రైలు, విమానం ఆ అధికారంలోకి చేరింది 2020 ఏప్రిల్ 22 నాటి ఆర్డినెన్సుతో. అప్పటిదాకా కేంద్రం తనిఖీ అధికారం ఓడరేవులోనే లంగరు వేసుకుని ఉందన్నమాట.

ఆ ఓడల్లో మనవాళ్ళున్నారు. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్‌కు కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో 'కోరంగీలు' అనేవారు, కోరంగి రేవు పేరున. మా నాయనమ్మ తరం రంగూన్ అనదు, రంగం అంటుంది. 1905లో ప్లేగు రంగూన్ చేరింది. అప్పటినుంచి డెక్కు మీద ప్రయాణం చేసేవాళ్ళ మీద అనుమానం పెరిగింది. డెక్కు ప్రయాణీకుడిని వరుసలో నిలబెట్టి పరీక్షించడం, మూటలు విప్పించడం, కూలీలకు మశూచి టీకా తప్పనిసరి చేయడం - ఇదంతా రేవు మర్యాదలో భాగమైంది. క్యాబిన్‌లో వచ్చిన దొరకూ షావుకారుకూ వేరే మర్యాద. తమిళదేశంలో మండపం వద్ద సింహళ తోటలకు వెళ్ళే కూలీలను రోజుల తరబడి నిలిపి ఉంచే శిబిరం ఉండేది. జబ్బుకు డెక్కూ క్యాబినూ తేడా లేదని అప్పటి డాక్టర్లకు తెలియక కాదు. మనిషి ఎంత చవకైతే అంత అనుమానించవచ్చునన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న లెక్క.

ఇంకొంచెం దగ్గరికి రండి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ నగరంలో మగ్గాల మీద బతికే తెలుగు నేతపనివాళ్ళు వేలల్లో ఉన్నారు. జనం లక్షల్లో నగరం విడిచిపోయారు. గల్ఫ్ దేశాలు భారతదేశపు విమానాలను ఆపాయి. బంగ్లాదేశ్ ఆహారపదార్థాల దిగుమతి ఆపింది. ఏళ్ళ తరబడి స్వదేశం మొహం చూడని భారతీయ శ్రామికులను కూడా కొన్ని దేశాలు వెనక్కి పంపాయి. ఇది గమనించదగ్గ విషయం. ఐదేళ్ళుగా ఇంటికి రాని మనిషి సూరత్ ప్లేగును ఎలా తెస్తాడు? తేడు. కాని అతని పాస్‌పోర్టు తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఆంక్షలు అవసరం లేదన్నా ఎవరూ వినలేదు. దేశానికి నష్టం దాదాపు రెండువందల కోట్ల డాలర్లని అంచనా. 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాసినప్పుడు, అవసరానికి మించి రాకపోకలను అడ్డుకోరాదని అందులో చేర్చడం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి. 2020 వచ్చేసరికి ఆ నిబంధన కాగితం మీద భద్రంగా ఉంది.

దారులు మూయడమే తప్పని నేను అనడం లేదు. మార్చి 19న సరిహద్దు మూసిన న్యూజీలాండ్ ఎందరినో కాపాడుకుంది. మూసిన తలుపుకు అవతల ఎవరిని వదిలేశారు, వాళ్ళకు తిండెవరు పెట్టారు, వాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఊరు ఏమంది - నా ప్రశ్నలు ఇవి. మొదటి రెండిటికీ ప్రభుత్వాలు జవాబు చెప్పాలి. మూడోదానికి నేనూ జవాబుదారీనే.

2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం అకామా లేనివాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేదు, టికెట్టు వాళ్ళదే, మళ్ళీ చట్టప్రకారం రావచ్చు. భారతీయులకు నెల మధ్యలో కొన్ని రోజులు కేటాయించారు. మన ఆడవాళ్ళు మూటాముల్లే సర్దుకుని వెళ్ళి పేర్లిచ్చుకున్నారు. శిబిరాలకు చేర్చారు. అక్కడినుంచి కదలడానికి విమానం లేదు, ఎందుకంటే ఇటువైపు ఆకాశం మూసి ఉంది. పంపుతామన్నవాడు పంపలేడు, రమ్మనవలసినవాడు రమ్మనడు. వందే భారత్ పేరున విమానాలు మే 7న మొదలయ్యాయి. కువైట్ నుంచి హైదరాబాదుకు మొదటిది 9న దిగింది. తర్వాత గన్నవరానికీ వచ్చాయి. దిగినవాళ్ళలో డబ్బు కట్టగలిగినవాళ్ళకు హోటలు, లేనివాళ్ళకు ప్రభుత్వ కేంద్రం. డెక్కూ క్యాబినూ మళ్ళీ వచ్చాయి.

మా వీధి చివరి ఇంటామె ఆ విమానాల్లో ఒకదానిలో వచ్చింది. తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఉంది, చివరి మూడేళ్ళు ఖల్లివెల్లి. ప్రభుత్వ కేంద్రంలో గడువు పూర్తిచేసింది. పరీక్షలో జబ్బు లేదని కాగితం తెచ్చుకుంది. అయినా వీధి మొదట్లో చింతచెట్టు కింద పెద్దలు సమావేశమయ్యారు. ఏప్రిల్‌లో "మా ఆడకూతుళ్ళను తీసుకురావాలి" అని అర్జీ మీద సంతకాలు చేసిన చేతులే అవి. "వచ్చింది, సంతోషం. ఇంకో పద్నాలుగు రోజులు బడిలో ఉంటే మనకీ నిశ్చింత, ఆవిడకీ మంచిది" అన్నారు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఎంతో మర్యాదగా, అండీ అంటూ, ఒక మనిషిని ఇంటి గుమ్మం దాకా వచ్చాక వెనక్కి మళ్ళించారు. నన్ను అభిప్రాయం అడిగారు. మాస్క్ సరిచేసుకుని తల ఊపాను. పాస్‌పోర్టు, రేషన్‌కార్డు నినాదం నేను వల్లించి అప్పటికి పన్నెండు రోజులు.

తర్వాత ఎప్పుడో ఆమెతో ఈ మాట ఎత్తాను. ఆమె నవ్వి, "ఆ బడి ప్రహరీకి నేనే కదా మాస్టారూ ఐదువేలు పంపిందీ. మీరే కదా రసీదు రాసిందీ. గోడ గట్టిగానే కట్టారండి" అంది. ఇంకేమీ అనలేదు.

అదే వీధిలో ఇంకో ఇల్లుంది. కొడుకూ కోడలూ అమెరికాలో ఉన్నారు. ఆ తల్లి పురుడు పొయ్యడానికి ఏప్రిల్‌కు టికెట్టు కొనుక్కుని, సున్నుండలు కట్టించుకుని కూర్చుంది. వెళ్ళలేదు. మనుమడిని ఫోనులోనే చూసుకుంది. అక్కడ పుట్టి అమెరికా పౌరులైన పిల్లలకు విదేశీ భారతీయ కార్డు మీద రాక నిలిపివేయడంతో, తల్లిదండ్రులకు విమానంలో చోటున్నా పసిబిడ్డకు లేని పరిస్థితి వచ్చింది. మే 22న గాని సడలించలేదు. జూన్ 22న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి రాకను ఏడాది చివరిదాకా ఆపాడు. ఆ ఇంటి దుఃఖాన్ని నేను చిన్నబుచ్చను. అయితే ఆ దుఃఖానికి పత్రికల్లో చోటు దొరికింది, వకీళ్ళు దొరికారు, జులైలో మొదలైన 'ఎయిర్ బబుల్' ఒప్పందాలలో మొదటి వరుసలో అమెరికా ఉంది. వీధిలో మాత్రం ఆ ఇంటికి ఎవరొచ్చినా బడికి పొమ్మన్నవారు లేరు. ఆ డిసెంబరులో ఏలూరులో ఆరువందలమందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, అది అంటుకునేది కాదని చెప్పినా, ఏలూరు నుంచి వచ్చిన చుట్టాలకు మంచం బయట వేసినవాళ్ళను చూశాను. భయం ఎప్పుడూ కిందివైపుకే ప్రవహించదు, నిజమే. ఎక్కువగా మాత్రం పల్లం వెతుక్కుంటుంది.

2021లో ఇంకో వింత జరిగింది. ఆగస్టులో కువైట్ టీకా వేసుకున్నవాళ్ళకు తలుపు తెరిచింది. ఒప్పుకున్న నాలుగు టీకాలలో ఆస్ట్రాజెనెకా ఉంది గనుక కోవిషీల్డ్‌వాళ్ళు గట్టెక్కారు. హైదరాబాదు పక్కన తయారైన కోవాక్సిన్ ఆ జాబితాలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గుర్తింపు ఇచ్చింది నవంబరు 3న. మా చివరింటామెకు దొరికింది కోవాక్సిన్. క్యూలో నిలబడ్డ రోజు ఏది వస్తే అది వేశారు, ఎంచుకోమని అడిగినవారు లేరు. తెలుగునేల మీద తయారైన మందు తెలుగు మనిషిని సముద్రం దాటించలేకపోయింది. అదే జూన్‌లో విదేశాలకు చదువుకూ ఉద్యోగానికీ వెళ్ళేవాళ్ళకు కోవిషీల్డ్ రెండో మోతాదు 84 రోజులకు బదులు 28 రోజులకే వేయవచ్చని ఉత్తర్వు వచ్చింది. అది తనకూ వర్తించేదని, మొదటే కోవిషీల్డ్ అడగవలసిందని ఆమెకు చెప్పవలసిన చదువుకున్నవాణ్ణి నేను. నాకూ ఆలస్యంగా తెలిసింది. ఆ మే నెలలోనే ఆస్ట్రేలియా, భారతదేశం నుంచి తిరిగొచ్చే తన సొంత పౌరులకే ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చునని బెదిరించింది. నవంబరులో కొత్త రకం వైరస్‌ను కనిపెట్టి ప్రపంచానికి చెప్పినందుకు దక్షిణాఫ్రికా మీద దారులు మూశారు. పొరుగువాడు మూస్తే అన్యాయం, మనం మూస్తే జాగ్రత్త. మా చింతచెట్టు కింద సమావేశానికీ ఆ రాజధానుల సమావేశాలకూ తేడా కుర్చీలలోనే.

ఇక మన సంగతి. ఆ రెండేళ్ళలో వలస కార్మికుల కాలినడక మీద మనవాళ్ళు విరివిగా రాశారు. రాయవలసిందే. ఆ నడక రోడ్డు మీద జరిగింది, ఫోటోలకు దొరికింది. శిబిరంలో పేరిచ్చుకుని విమానం కోసం కూర్చున్న ఆడమనిషి ఎవరి కంటా పడలేదు. ఆమె నడవలేదు కనుక మన కవిత్వానికి చలనం దొరకలేదేమో. పైగా ఆమె మన నినాదంలో ఇమడదు. నినాదంలో ఇమడని మనిషిని వదిలేసి ఇమిడేవాళ్ళ గురించే రాయడం మనకు పాత అలవాటు. రంగం వెళ్ళినవాళ్ళ విషయంలోనూ అదే జరిగింది. మా తాలూకాల నుంచి అంతమంది వెళ్ళారు, డెక్కు మీద వరుసలో నిలబడ్డ ఆ మనిషి తన మాటల్లో చెప్పిన కథ నా చేతికి ఒక్కటీ అందలేదు. వాళ్ళు ఉత్తరాలు రాయించుకునేవారు, పోస్టుకార్డు ముక్కలు చూరులో దోపేవారు. ఇళ్ళు మారాయి, చూర్లు పోయాయి.

ఈమె ఉత్తరాలు రాయలేదు. ఫోనులో మాటలు పంపింది. శిబిరం నుంచి కూతురికి పంపిన మాటలు - ఎండ గురించి, పక్క మంచం కడప ఆమె గురించి, రేపంట అంటున్నారే అని ఏడుసార్లు. ఆమె 2022 చివర మళ్ళీ కువైట్ వెళ్ళింది, ఈసారి అకామాతో. ఆ ఫోను ఇప్పుడు మనవడి దగ్గరుంది. ఆటలకు జాగా చాలక వాడు పాతవన్నీ చెరిపేస్తున్నాడని తెలిసి, పోయిన ఆదివారం వెళ్ళి కూర్చున్నాను. మిగిలినవి పద్నాలుగు. వినుకుంటూ కాగితం మీదికి ఎక్కించుకున్నాను. తొమ్మిదో దానిలో ఆమె నా పేరు చెప్పి, మాస్టారిని అడిగితే ఏదైనా దారి చెబుతారేమో కనుక్కోమంది కూతురితో.