కిల్టు కుట్టే చోటు

స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకు కట్టే కుచ్చిళ్ళ దుస్తు కిల్టు. ఒకదానికి ఎనిమిది గజాల దాకా ఉన్ని గుడ్డ పడుతుంది. చేయి తిరిగిన మనిషి కుట్టినా, మిషను ముట్టకుండా పూర్తి చేయాలంటే ఇరవై గంటలకు తక్కువ కాదు. గుడ్డ పరచడానికి పొడవాటి బల్ల, గళ్ళ గీతలు విడివిడిగా కనిపించడానికి వెలుతురు, కుచ్చిళ్ళను తడిగుడ్డ వేసి నొక్కడానికి బరువైన ఇస్త్రీపెట్టె తప్పనిసరి. ఈ మూడూ అమరిన చోటును వెతుక్కుంటూ కిల్టు పని మట్టినేల నుంచి సైనిక శిబిరానికి, అక్కడి నుంచి నగరపు దుకాణానికి, ఆడవాళ్ళ వంటింటి బల్లమీదికి, చివరికి తరగతి గదిలోకి చేరింది. చోటు మారినప్పుడల్లా కిల్టు రూపం కూడా ఎంతో కొంత మారుతూనే వచ్చింది.

మొదట్లో అసలు కుట్టుపనే లేదు. ఐర్లండ్ నాయకుడు రెడ్ హ్యూ ఓడొనెల్ జీవిత చరిత్రలో, 1594లో ఆయన కొలువుకు వచ్చిన హెబ్రిడీస్ దీవుల సిపాయిల వేషం వర్ణన ఉంది. రంగురంగుల దుప్పటి ఒంటికి చుట్టుకుని, దానిమీదుగా నడుముకు పటకా బిగించారట. గేలిక్‌లో దీన్ని ఫేలియ మోర్, అంటే పెద్ద చుట్టు అన్నారు. ఆనాటి మగ్గాల పన్నా 25 నుంచి 30 అంగుళాలకు మించేది కాదు. అందుకని పొడవాటి గుడ్డను రెండు ముక్కలు చేసి, పక్కపక్కన చేర్చి అతికేవారు. సూదికి ఉన్న పని అంతవరకే. కుచ్చిళ్ళు ఏ పూటకాపూట చేత్తో పెట్టుకోవలసిందే.

నేలమీద పటకా పరచి, దానిమీద గుడ్డ వేసి కుచ్చిళ్ళు తీర్చి, ఆపైన పడుకుని నడుముకు బిగించుకునేవారని ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ స్కాట్లాండ్ కొండసీమ అయిన హైలాండ్స్‌లో పల్లెటూరి ఇంట్లో నట్టనడుమ పొయ్యి, చుట్టూ పొగ, ఒక పక్క పశువులు. నాలుగైదు గజాల గుడ్డ పరిచే నేల ఎక్కడిది? బయట చూస్తే వాన, బురద. ప్లెయిడ్లు అనే ఈ చుట్టు దుప్పట్లలో మిగిలి ఉన్న పాతవాటిలో ఒకటీ అరాకు లోపలివైపు చిన్న చిన్న ఉచ్చులు కుట్టి ఉన్నాయి. వాటిలో తాడు దూర్చి లాగితే కుచ్చిళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఇరుకింటివాళ్ళకు అదే అనువైన పద్ధతి అనిపిస్తుంది.

పెద్ద చుట్టులో పైసగం వదిలేసి, నడుము కిందిభాగం మాత్రమే ఉంచుకున్నది ఫేలియ బెగ్, చిన్న చుట్టు. దాని పుట్టుక గురించి ఒక కథ ఉంది, దాని చుట్టూ పెద్ద తగువూ ఉంది. థామస్ రాలిన్‌సన్ అనే లాంకషైర్ ఇంగ్లీషువాడు 1720ల చివర్లో ఇన్వర్‌గారీ దగ్గర ఇనుము కరిగించే కొలిమి పెట్టాడు. చెట్లు నరకడానికీ, కొలిమి పనికీ కూలీలకు పెద్ద ప్లెయిడ్ అడ్డమొస్తోందని, ఇన్వర్నెస్ నుంచి సైనిక దర్జీని పిలిపించి దాన్ని రెండుగా కోయించాడని కథ. ఈ సంగతి చెప్పే ఉత్తరం 1785లో ఎడిన్‌బరో పత్రికలో అచ్చయింది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ 1983లో దీన్ని పట్టుకుని, హైలాండర్ల జాతీయ దుస్తును ఒక ఇంగ్లీషు కొలిమి యజమాని కనిపెట్టాడని తేల్చాడు. స్కాట్లాండ్‌లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. అంతకు ముందే కొందరు కింది సగాన్ని విడిగా కట్టుకునేవారన్నది వాళ్ళ వాదన. నిజానికి ప్లెయిడ్ రెండు ముక్కలు అతికినదే. ఆ అతుకు విప్పితే చిన్న చుట్టు చేతికొస్తుంది. అంత సులువైన మార్పు ఒక్కడికే, ఒక్కసారే తట్టిందని నమ్మడం కష్టం. కథలో గమనించవలసింది దర్జీ రాక.

1746లో కలొడెన్ యుద్ధంలో, గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశం కోసం తిరగబడిన జాకొబైట్లు ఓడిపోయాక బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1747 ఆగస్టు 1 నుంచి కిల్టు కట్టిన మగవాడికి మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. సైన్యానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1739లో రెజిమెంటుగా ఏర్పడిన బ్లాక్ వాచ్, ఆ తర్వాత పుట్టిన హైలాండ్ దళాలు ప్రభుత్వ ఖర్చుతోనే టార్టాన్ అనే గళ్ళ గుడ్డ తొడుక్కున్నాయి. నిషేధం ఎత్తేసింది 1782లో. ముప్పై అయిదేళ్ళపాటు పల్లెల్లో అడుగంటిన పనిని బతికించినది రెజిమెంటు దర్జీలే. సిపాయికి కొత్త ప్లెయిడ్ ఇచ్చాక, అరిగిన పాతదాన్ని కోసి చిన్న కిల్టు చేయడం ఆ దర్జీల పనుల్లో ఒకటి.

వరసగా నిలబడే వందల మందికి ఒకేలాంటి బట్ట కావాలి. పొద్దున్నే ఒక్కొక్కడూ తన కుచ్చిళ్ళు తాను పెట్టుకుంటుంటే కవాతు సాగదు. కుచ్చిళ్ళను కుట్టి శాశ్వతంగా నిలిపే పద్ధతి సైన్యం అవసరంలోంచి వచ్చిందని అనుకోవడానికి ఇదే కారణం. కుట్టిన కిల్టుల్లో మిగిలినవాటిలో పాతవి 1790ల నాటివి. వాటికి పట్టిన గుడ్డ నాలుగు గజాలే, కుచ్చిళ్ళు పెట్టె ఆకారంలో వెడల్పుగా ఉండేవి. 1794లో పుట్టిన గోర్డన్ హైలాండర్స్‌కు హంట్లీ ఊరి వ్యాపారి ఫోర్సైత్ బ్లాక్ వాచ్ గళ్ళకు పసుపు గీత కలిపి కొత్త నమూనా ఇచ్చాడు. దర్జీలు ప్రతి కుచ్చె నడుమా ఆ పసుపు గీత వచ్చేలా మడిచారు. దళం నడుస్తుంటే వెనకనుంచి చూసేవారికి నిలువు పసుపు గీతలు కనిపించేవి, కుచ్చిళ్ళు ఊగినప్పుడు లోపలి ఆకుపచ్చ, నీలం బయటపడేవి.

గుడ్డ స్టర్లింగ్ దగ్గరి బానక్‌బర్న్ నుంచి వచ్చేది. అక్కడి విల్సన్ల సంస్థ సైన్యానికి పెద్ద సరఫరాదారు. 1819 నాటి వాళ్ళ నమూనాల పుస్తకంలో రెండు వందలకు పైగా గళ్ళ లెక్కలు, ఏ రంగు పోగులు ఎన్నో సహా రాసి ఉన్నాయి. మూడేళ్ళకే ఆ పుస్తకం అక్కరకొచ్చింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు, ఏర్పాట్లు నవలాకారుడు వాల్టర్ స్కాట్ చూశాడు. పెద్దమనుషులందరూ టార్టాన్‌లో రావాలనేసరికి దర్జీలకు ఊపిరాడలేదు. రాజుగారి ఒక్క వేషానికే, నగలూ ఆయుధాలూ కలిపి, జార్జ్ హంటర్ దుకాణం వేసిన బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. అప్పటినుంచి కిల్టు పనికి నగరంలోని దుకాణం కేంద్రమైంది. 1868లో మొదలైన కిన్లాక్ ఆండర్సన్ వంటి సంస్థలు ఆ దారిలో వచ్చినవే. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ పెట్టె కుచ్చిళ్ళ స్థానంలో ఒకే వైపు తిరిగే సన్నని కుచ్చిళ్ళు వచ్చాయి, గుడ్డ నాలుగు గజాల నుంచి ఎనిమిదికి పెరిగింది, దాంతో కుట్టుగంటలూ పెరిగాయి.

దుకాణంలో కొలతలు తీసుకునేవారు, గుడ్డ కోసేవారు. కుట్టడానికి మాత్రం చాలావరకు ఇళ్ళకు పంపేవారు. కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు, కూలీ కిల్టుకింత. పని ఎంత సూక్ష్మమైనదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. కిల్టు ముందువైపు రెండు చదును పొరలు ఒకదానిమీద ఒకటి వస్తాయి, కుచ్చిళ్ళన్నీ వెనకే. పిరుదుల దగ్గర వెనకభాగం 20 అంగుళాలు, నడుము దగ్గర 16 అనుకుంటే, 25 కుచ్చిళ్ళలో ఒక్కొక్కటి కిందినుంచి పైకి నాలుగు మిల్లీమీటర్లు సన్నబడాలి. ఒక్కో కుచ్చెలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా మొత్తంమీద అరంగుళం పోతుంది, పటకా పట్టదు. సన్నబడుతూనే గళ్ళు అడ్డంగా ఒక గీతలో కలవాలి. కింద మడతకుట్టు ఉండదు, మగ్గం మీద వచ్చిన అంచే కిల్టుకు అంచు. అందువల్ల పొడవు సరిచేయాలంటే పైనుంచే. నడుము దగ్గర బరువు తగ్గించడానికి లోపలి మడతలు కోసేసి, ఆ చోట గట్టి కాన్వాస్, లైనింగ్ వేస్తారు. కత్తెర పడ్డాక వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇవేవీ చాలాకాలం కాగితం మీదికి ఎక్కలేదు, ఒకరి పక్కన కూర్చుని మరొకరు నేర్చినవే.

1940లో సైన్యం కిల్టును యుద్ధరంగం నుంచి తప్పించింది, బ్యాండ్లకూ కవాతులకూ మిగిలింది. తర్వాతి దశాబ్దాల్లో పెళ్ళిళ్ళకు అద్దె కిల్టు మామూలైంది. బ్యాగ్‌పైపుల తయారీకి పేరుపొందిన పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి చవక కిల్టులూ వస్తున్నాయి. చేత్తో కుట్టే కిల్టు బ్రిటన్‌లో అంతరించే ప్రమాదమున్న చేతిపనుల జాబితాకెక్కింది.

అందుకే నేర్పడానికి చోటు అవసరమైంది. మోరే ప్రాంతంలోని కీత్ ఊరిలో కిల్టు బడి వెలిసింది. 2001లో అమెరికాలో ‘ది ఆర్ట్ ఆఫ్ కిల్ట్‌మేకింగ్’ అచ్చయింది. స్కాట్లాండ్‌లో నేర్చుకుని వలస వెళ్ళిన ఎల్సీ స్ట్యూమెయర్ చేతిలోని విద్యను, ఆమె దగ్గర నేర్చిన భూగర్భశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ట్యూక్స్‌బరీ కొలతలతో సహా కాగితం మీద పెట్టిన పుస్తకమిది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు సాగే శిక్షణలకు చర్చి హాళ్ళు, ఊరి హాళ్ళు, గ్రంథాలయాల గదులు వేదికలయ్యాయి.

అలాంటి హాలును ఎంచుకునేటప్పుడు అద్దె కంటే ముందు చూడవలసినవి పాత అవసరాలే. ముదురు నీలం, నలుపు పక్కపక్కన ఉండే బ్లాక్ వాచ్ గళ్ళు పసుపు బల్బుల కింద ఒకటిగా కలిసిపోతాయి. పెద్ద కిటికీలున్న గదిలో పగటిపూట పని పెట్టుకుంటే ఆ తిప్పలు ఉండవు. మడత బల్లలు ఆరడుగులవైతే ఒక్కొక్కరికి ఒకటి కావాలి, నిలబడి గుడ్డ కోసేందుకు కనీసం ఒకదాని కాళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తుచేయాలి. కుర్చీలకు చేతులు ఉండకూడదు, ఒళ్ళో పరుచుకున్న గజాల కొద్దీ గుడ్డ వాటికి చిక్కుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇస్త్రీ. బ్రిటన్ ఇళ్ళలోనూ హాళ్ళలోనూ సాధారణంగా ఉండే 32 ఆంపియర్ల సర్క్యూట్ ఏడు వేల చిల్లర వాట్లు మోస్తుంది. 2,400 వాట్ల పెట్టెలు మూడు పెడితే హద్దు చేరినట్టే, నాలుగోదానికి ఫ్యూజు పోతుంది. టీ కెటిల్ అదే సర్క్యూట్ మీద ఉంటే మూడో పెట్టెకూ చోటు లేదు. ఇక రాత్రికి తాళం వేసుకునే వీలు ఉండాలి. టాకాలు వేసిన కుచ్చిళ్ళను సాయంత్రం మూటగట్టి పొద్దున్న విప్పితే గళ్ళు జరిగిపోతాయి. అదే హాలును రాత్రి నాట్య తరగతికి అద్దెకిచ్చే ఊళ్ళో, బల్లలు కదలని ఒక పక్కగదినైనా ముందే మాట్లాడుకోవాలి.